ప్రకటన పోస్టర్లలో రంగు, కూర్పు

అమ్మాల్సిన సరుకు గురించో, ఆడబోయే సినిమా గురించో దారిన పోయేవారికి తెలియజెప్పడానికి గోడకు అంటించే అచ్చు బొమ్మ ప్రకటన పోస్టర్. సబ్బు పెట్టె మీది చీటీ, అగ్గిపెట్టె లేబులు, బీడీ కట్ట చుట్టిన కాగితం, దుకాణదారు పంచే క్యాలెండరు దీని దగ్గరి చుట్టాలు. తెలుగు నేల మీద వీటి చరిత్రను చిత్రకారుల అభిరుచి చరిత్రగా రాయడం పరిపాటి. కానీ పోస్టర్లో ఎరుపు అంత ఎరుపెందుకు, ముఖం అంత పెద్దదెందుకు అని అడిగితే జవాబు ఎక్కువగా మూడు చోట్ల దొరుకుతుంది. కాగితం ఎన్నిసార్లు మిషనెక్కింది? చూసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు? అతనికి చదువు వచ్చా, రాదా?

నిజామాబాద్ జిల్లాలో ఈ మూడు ప్రశ్నలూ ఒకేచోట ఎదురవుతాయి. జిల్లాలోని ఇందల్వాయి ఊరి మీదుగా సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గం పోతుంది, ఆ పక్కనే నాగ్‌పూర్ పోయే జాతీయ రహదారి 44. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాటలు. పడమర బోధన్ వైపు నిజాంసాగర్ నీళ్లతో పెరిగిన చెరుకు, 1937లో మొదలై 2015లో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ వెలసిన శక్కర్‌నగర్. పేరున్న పోస్టర్ చిత్రకారుల స్టూడియోలు మద్రాసులో ఉండేవి, పెద్ద ప్రెస్సులు శివకాశిలో. పోస్టర్ పనిచేయాల్సిన చోటు మాత్రం ఇలాంటి ఊళ్ల గోడలే.

రాతి అచ్చు

1796 ప్రాంతంలో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ రాతి అచ్చును కనిపెట్టాడు. జిడ్డు, నీరు కలవవన్న సంగతి మీదే అది నడుస్తుంది. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, రాయిని తడిపి, సిరా రోలర్ దొర్లిస్తే గీసినచోటే సిరా పట్టుకుంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. నాలుగు రంగులు కావాలంటే కాగితం నాలుగుసార్లు మిషనెక్కాలి, నాలుగుసార్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట పడాలి. పడకపోతే పెదవి ఒకచోట, పెదవి ఎరుపు మరోచోట. ఆ తప్పు కనిపించకుండా బొమ్మ చుట్టూ లావుపాటి నల్లగీత గీసే అలవాటు బలపడింది. పాత పోస్టర్లలో కళగా మెచ్చుకునే నల్లగీతలు కొన్ని అతుకు దాచడానికి పుట్టినవే.

పారిస్‌లో జూల్ షెరే 1866లో లండన్ నుంచి తిరిగొచ్చి పెద్ద మిషన్ల మీద పోస్టర్లు వేయడం మొదలుపెట్టాడు. రాయి మీద సిరా చిలకరించి, ఆ తుంపర చుక్కలతోనే ఛాయలు రప్పించి, కొద్దిపాటి రాళ్లతో ఎన్నో రంగులున్నట్టు భ్రమ కల్పించాడు. తూలూజ్-లోత్రెక్ 1891లో మూలాన్ రూజ్ నాట్యశాలకు వేసిన పోస్టర్ మరో దారి తొక్కింది. ఛాయలు లేవు, జపాను అచ్చుబొమ్మల్లోలా చదును రంగులు, వెనకవరసలో నల్లటి నీడ మనుషులు. బెర్లిన్‌లో లూసియన్ బెర్న్‌హార్డ్ 20వ శతాబ్దం తొలి దశకంలో ఒక అగ్గిపుల్లల కంపెనీకి వేసిన పోస్టర్ ఇంకా పొదుపైనది. ముదురు నేల, పసుపు తలలున్న రెండు ఎర్రటి అగ్గిపుల్లలు, నీలి అక్షరాల్లో కంపెనీ పేరు, అంతే. మొదట గీసిన చుట్ట, బూడిద పళ్లెం, నాట్యకత్తెలు ఒక్కొక్కటే తీసేస్తూ అక్కడికి చేరాడని చెబుతారు. సరుకు బొమ్మ, సరుకు పేరు చాలన్న ఆ పద్ధతి నిజామాబాద్ బీడీ లేబుల్లో వేరే కారణంతో కనిపిస్తుంది.

పటాలు, టికెట్లు, ఒలియోగ్రాఫులు

పోస్టర్ వచ్చేనాటికి తెలంగాణ పల్లెకు పెద్ద బొమ్మను దూరం నుంచి చూడటం కొత్త కాదు. చేర్యాల చిత్రకారులైన నకాషీలు కులపురాణాలు చెప్పే కథకుల కోసం గీసిన పటాల్లో నేలంతా ఎరుపే. చింతగింజల జిగురు, సుద్ద పట్టించిన గుడ్డ మీద ఇంగిలీకం ఎరుపు వేసి, దానిపై పసుపు, నీలం మనుషులను నిలబెట్టేవారు. రాత్రిపూట దీపం వెలుతురులో, గుంపు వెనకాల కూర్చున్నవారికి కూడా బొమ్మ విడివిడిగా ఆనాలి. ఈ పటాలకూ సినిమా పోస్టర్లకూ నేరుగా వారసత్వం ఉందనడానికి ఆధారం లేదు. అయినా దూరపు చూపు కోసం రంగును చదునుగా, ఎదురెదురుగా నిలపడమన్న పరిష్కారం రెండింటిలోనూ ఒకటే.

అచ్చు రంగు మాత్రం బట్టల మూటలతో వచ్చింది. 19వ శతాబ్దంలో బ్రిటిష్ మిల్లుల తానుల మీద దేవతల, రాజుల, ఏనుగుల రంగు టికెట్లు అంటించి పంపేవారు. బట్ట చిరిగిపోయినా టికెట్ గోడ మీద మిగిలేది. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్సు అచ్చువేసిన లక్ష్మి, సరస్వతి ఒలియోగ్రాఫులు (తైలవర్ణ చిత్రాల్లా కనిపించే అచ్చుబొమ్మలు) ఆ అచ్చు రంగును దేవుడి గూటి దాకా తీసుకెళ్లాయి. ఎదురుగా నిలబడిన నిండు విగ్రహం, అటూ ఇటూ సమానమైన బరువు, వెనక నీటి మడుగో తోటో. ఈ కూర్పు తర్వాత సబ్బుకూ, నూనెకూ, అగరవత్తికీ పనికొచ్చింది. రవివర్మ ప్రెస్సు దేవతలందరికీ ఒకే తరహా ముఖం అలవాటు చేసిందన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ప్రకటనకు కావలసిందీ అలాంటి ముఖమే, చూడగానే గుర్తుపట్టాలి.

నిజాం రాజ్యంలో రెండు లిపులు

హైదరాబాద్ రాజ్యంలో రైల్వే 1930లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. రెండేళ్లకు అదే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా కూడా మొదలుపెట్టింది. అజంతా, ఎల్లోరా అప్పట్లో ఈ రాజ్యంలోవే. వాటికి యాత్రికులను రప్పించేందుకు నిజాం స్టేట్ రైల్వే వేయించిన పోస్టర్లు ఆ కాలపు రైల్వే పోస్టర్ పద్ధతిలోనే ఉంటాయి. పైన దృశ్యం, అడుగున వెడల్పాటి పట్టీలో ఊరి పేరు, రైల్వే పేరు. ఇంగ్లీషు చదివే పర్యాటకుడు వెయిటింగ్ రూములో కూర్చుని తీరిగ్గా చూసే బొమ్మలవి. ఔరంగాబాద్ పోయే రైలు ఇందల్వాయి మీదుగానే పోయేది. ఇక్కడ ప్లాట్‌ఫాం మీద మూట దించుకున్న రైతు కోసం మాత్రం వాటిని వేయలేదు. 1927లో ఫ్రాన్సులో కసాంద్ర్ రైలును నేలకు ఆనించి కింది నుంచి చూపించి, పట్టాలన్నీ ఒక మూలకు పరుగెత్తినట్టు గీశాడు. అంత సాహసం మన రైల్వే పోస్టర్లలో అరుదు. వీటిలో వేగం కాదు, గుడీ కోటా అమ్మకానికున్నాయి.

స్టేషన్ పేరు పలకను కూడా ఈ లెక్కలో చూడాలి. పసుపు నేల మీద నల్లక్షరాలు. కదిలే బండిలోంచి మసక వెలుతురులో కూడా చదవగలిగే జోడీ అది. గోడ ప్రకటనలు రాసేవారు పసుపు–నలుపునూ, పసుపు–ఎరుపునూ వదలకపోవడానికి కారణం ఇదే.

పాలనా, చదువూ ఉర్దూలో నడిచిన రాజ్యం కనుక నిజామాబాద్ దుకాణపు బోర్డు మీద ఉర్దూ, తెలుగు పక్కపక్కన నిలిచాయి. బోధన్ దాటితే మరాఠీ నేల. తెలుగు ఎడమ నుంచి నడుస్తుంది, ఉర్దూ కుడి నుంచి. రెండు వైపుల నుంచి వచ్చే చూపు ఎక్కడ ఆగాలి? నడిమధ్య. అందుకే అక్కడ గుర్తు బొమ్మ వేసి, అటొక లిపి ఇటొక లిపి సర్దడం సహజమైన కూర్పయింది. 1930లో హైదరాబాద్‌లో ఏర్పడిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ తన సిగరెట్‌కు చార్మినార్ పేరు, బొమ్మ ఎంచుకుంది. నాలుగు మీనార్ల కట్టడాన్ని ఎటు తిప్పినా రెండు పక్కలా సమానమే. ఏ లిపీ రానివాడికి కూడా పేరు చెప్పే బొమ్మ.

తలనొప్పి మందు అమృతాంజనం కథ వేరు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టి, ఆ రాబడితో 1908లో ఆంధ్రపత్రికను స్థాపించారు. అమృతాంజనం ప్రకటన అచ్చయిన ఇల్లు సొంత పత్రికే. నలుపు తెలుపు పత్రికలో రంగు చూపించే వీలు లేదు కనుక సీసా ఆకారం, పేరు రాసిన తీరే ప్రకటనను మోశాయి. మందు పసుపు రంగు సంగతి అంగడిలో సీసా చూసుకునేది.

బీడీ లేబులు

నిజామాబాద్ జిల్లాకు తనదనదగ్గ వాణిజ్య చిత్రం ఉంటే అది బీడీ లేబులే. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుని ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చుట్టి కట్టలు కట్టి ఇస్తారు. కార్ఖానాలో పనికిరానివి ఏరేసి (చాటన్), భట్టీలో ఆరబెట్టి, ప్యాకర్లు లేబులు చుడతారు. చుట్టే చేతులకు తెలిసేది ఆకు రంగు, దారం రంగు. బొమ్మ ఆఖర్న వస్తుంది.

ఆ కాగితాన్ని విప్పి చదును చేసి చూస్తే కూర్పు తెలుస్తుంది. సన్నటి కాగితం, చాలాసార్లు తెలుపు కూడా కాదు, గులాబీయో పచ్చదో. దాని మీద ఒకటి రెండు రంగుల అచ్చు. నడుమ గుడ్డు ఆకారపు చట్రంలో యజమాని ఫోటోయో, దేవుడో, ఒక వస్తువో. చట్రానికి రెండు పక్కలా అవే మాటలు, తెలుగులో ఒకసారి, హిందీలోనో ఉర్దూలోనో ఒకసారి. కింద ట్రేడ్ మార్కు, నకిలీల నుంచి జాగ్రత్త అన్న హెచ్చరిక. విప్పినప్పుడు ఇరుకుగా, గజిబిజిగా ఉంటుంది. చుట్టినప్పుడు తేటపడుతుంది. 25 బీడీల కట్ట ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా ఉంటుంది. ఎటువైపు నుంచి చూసినా లేబులులో కొంత భాగమే కంటపడుతుంది. అందుకే చెప్పాల్సిందంతా నడిమి గుడ్డులో పెట్టి, మిగతాది చుట్టుకొలత నింపడానికి వదిలేశారు. బెర్న్‌హార్డ్ అందం కోసం తీసేశాడు, ఇక్కడ కట్ట మలుపు దానికదే దాచేసింది.

మంగళూరు గణేశ్ బీడీకి వినాయకుడి బొమ్మతో పాటు 501 అంకె కూడా గుర్తే. బొమ్మలూ అంకెలే ముందుకు రావడానికి కారణం కొనేవారి చదువు. కిరాణా కొట్టు ముందు బీడీ పేరు కంటే బొమ్మతో, అంకెతో అడగడం తేలిక. రంగు కూడా పేరే. నకిలీ తయారుచేసేవాడు మొదట దొంగిలించేది అక్షరాలను కాదు, కాగితం రంగును.

2009 నుంచి పొగాకు పొట్లాల మీద బొమ్మల హెచ్చరిక తప్పనిసరైంది, 2016 ఏప్రిల్ నుంచి అది 85 శాతం జాగా తీసుకోవాలి. ఆరోగ్యం రీత్యా తప్పుపట్టడానికేమీ లేదు. కూర్పు రీత్యా మాత్రం గుడ్డు చట్రం అంచుకు జరిగి, యజమాని ముఖం తపాలా బిళ్లంత అయింది. జబ్బు ఫోటో నడిమధ్య కూర్చుంది. చూపు ఆగేది ఎక్కడో పాత లేబులు గీసినవారికి ఎంత తెలుసో ఆ నిబంధన రాసినవారికీ అంతే తెలుసు.

శివకాశి క్యాలెండరు

1920లలో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తాలో అగ్గిపెట్టెల పని నేర్చి శివకాశికి తెచ్చారు. అగ్గిపెట్టెలకు లేబుళ్లు కావాలి, లేబుళ్లకు ప్రెస్సు కావాలి. అలా ఆ కరువు నేల దక్షిణాదికంతటికీ అచ్చు రంగు సరఫరా చేసే చోటైంది. పక్కనే కోవిల్‌పట్టిలో సి. కొండయ్య రాజు (1898–1976), ఆయన శిష్యులు గీసిన దేవతలు తెలుగు దుకాణాల క్యాలెండర్లకెక్కారు. గులాబీ చెక్కిళ్లు, వెనక నీలాకాశం, నగల మీద తెల్లటి చుక్క మెరుపులు.

వీటిలో తక్కువగా గమనించేది అడుగున వదిలిన ఖాళీ. బొమ్మ శివకాశిలో అచ్చవుతుంది, దుకాణం పేరు తర్వాత పడుతుంది. అదే లక్ష్మి నిజామాబాద్‌లో ఎరువుల దుకాణానికి, బోధన్‌లో బట్టల దుకాణానికి. ఎవరి పేరు పడ్డా చెడిపోకుండా దేవత పాదాల కింద బరువును ముందే తేల్చేయాలి, అందుకే అక్కడొక పద్మమో నీటి అలలో. కింది పట్టీ ఎరుపో నీలమో అయితే దేవత వెనక్కి పోతుంది. కనుక తెలుపు లేదా పాల పసుపు.

సినిమా పోస్టర్

1932 ఫిబ్రవరి 6న తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలయ్యాక మూడు నాలుగు దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో ఎక్కువ భాగం నలుపు తెలుపే. పోస్టర్ మాత్రం రంగుల్లో. తెర మీద ప్రేక్షకుడికి దొరకని రంగు గోడ మీద దొరికేది. పౌరాణికాల్లో ఇది మరీ విచిత్రం. 1957 నాటి మాయాబజార్‌లో కృష్ణుడు తెర మీద బూడిద రంగే. నీలం చూపించగలిగింది ప్రెస్సులోని నీలి ప్లేటు. 2010లో ఆ సినిమాకు కంప్యూటర్‌తో రంగులద్దినప్పుడు కృష్ణుడి నీలం మీద ఎవరికీ పేచీ రాకపోవడంలో అంతకుముందు వందల పోస్టర్లూ క్యాలెండర్లూ చేసిన పని ఉంది. 1963లో వచ్చిన లవకుశ తొలి పూర్తి నిడివి రంగుల తెలుగు చిత్రం. అప్పటినుంచి పోస్టర్‌కు చిక్కు వచ్చిపడింది. రంగుల పోస్టర్ రంగుల సినిమాకేనని చూసేవాడికి ఎలా తెలుస్తుంది? జవాబు అక్షరాల్లో ఇచ్చారు. ఈస్ట్‌మన్ కలర్ అన్న మాట పేరు పక్కనే, ఒక్కో అక్షరం ఒక్కో రంగులో.

తయారీ పద్ధతే కూర్పును నిర్ణయించింది. చిత్రకారుడు స్టిల్స్ కత్తిరించి అట్ట మీద అంటించి, పైన పోస్టర్ కలర్ పూసి డిజైన్ చేస్తాడు. రాతి అచ్చు రోజుల్లో ప్రెస్సు కళాకారులు దాన్ని చేత్తో రంగురంగుకూ విడదీసి ప్లేట్ల మీదికి ఎక్కించేవారు. ముఖం నున్నగా రావడం కష్టం, చుక్కలూ గీతలూ తేలతాయి. కనుక ముఖానికి నారింజ, గులాబీ ముద్దలు, నీడకు ఆకుపచ్చో వంగపండు రంగో. దగ్గర నుంచి చూస్తే జబ్బు మనిషిలా ఉండే ఆ ముఖం రోడ్డవతలికి వెళ్లి చూస్తే కళకళలాడుతుంది. ఆఫ్‌సెట్ అచ్చు వచ్చాక ఆ అవసరం తీరింది. అయినా పచ్చటి నీడ చాలాకాలం పోలేదు, విలన్‌కు అది నప్పింది కాబట్టి.

పెద్ద పోస్టర్ ఒకే కాగితం కాదు. మిషన్ పట్టేంత షీట్లు విడివిడిగా అచ్చువేసి గోడ మీద కలిపేవారు, ఆరు షీట్లు, ఇరవైనాలుగు షీట్లు. అతికించే కుర్రాడు నిచ్చెన మీద నిలబడి రాత్రిపూట చేసే పని అది. అరంగుళం తేడా రాక తప్పదు. హీరో కంటి మీద అతుకు పడితే మెల్లకన్ను వస్తుంది. డిజైనర్ ముఖాలను ఒకే షీట్ లోపల ఇమిడేలా సర్ది, అతుకులను చీర కుచ్చిళ్ల మీదికో ఆకాశం మీదికో తోసేవాడు. ఇక ముఖాల సైజు కళాకారుడి చేతిలో ఉండేది కాదు. ఇద్దరు పెద్ద హీరోలుంటే ఇద్దరి తలలూ సమానం, లేకుంటే అభిమానులు ఊరుకోరు. 1977 నాటి దానవీరశూరకర్ణలో మూడు ప్రధాన పాత్రలూ ఎన్టీ రామారావువే, ఆ పేచీ రానేలేదు.

ఈ రంగంలో ఎక్కువకాలం నిలిచినవారు ఈశ్వర్. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి, 1967లో బాపు తొలి చిత్రం సాక్షితో పబ్లిసిటీ డిజైనర్‌గా మొదలై, రెండు వేలకు పైగా సినిమాలకు పనిచేశారు. 'సినిమా పోస్టర్' పేరుతో పుస్తకం రాశారు. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం ఆయనకే దక్కింది, 2021లో కన్నుమూశారు. గంగాధర్, లంకా భాస్కర్ ఇదే వృత్తిలో పేరుపొందినవారు. బాపు (1933–2014) 1955లో ఆంధ్రపత్రికలో కార్టూన్లతో మొదలై సినిమాకు వచ్చారు. ఆయన కుంచె గీత పోస్టర్లో ఖాళీ జాగాకు విలువ తెచ్చింది. తెలుగు అక్షరాన్ని బొమ్మలో భాగం చేయడమూ ఆయన చేతిలోనే పండింది. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన తలకట్లు, గుడులు. ముత్యాల ముగ్గు అన్న పేరులోనే రెండు వత్తులు కిందికి వేలాడతాయి. అచ్చు టైపులో అవి జాగా తినే బెడద. చేతి రాతలో ఆ వత్తు తోకను సాగదీసి బొమ్మ మీదికి తిప్పవచ్చు, కొమ్మును పక్క అక్షరం కింద దూర్చవచ్చు. బాపు రాత ఇప్పుడు కంప్యూటర్ ఫాంటుగా ఉంది. పెళ్లి శుభలేఖ మీద, ఊరి బోర్డు మీద అదే.

గోడ

ఊరికి వచ్చిన పోస్టర్ మీద ఊరి ప్రెస్సు చేయి కూడా పడేది. నేడే విడుదల, థియేటర్ పేరు, ఆటల వేళలు రంగు కాగితం పట్టీ మీద నల్ల సిరాతో అచ్చువేసి పోస్టర్ అడుగున అంటించేవారు. యాభై రోజులాడితే పైన ఇంకో పట్టీ. మద్రాసు చిత్రకారుడు ఎంతో ఆలోచించి వదిలిన ఖాళీని ఈ గులాబీ పట్టీ నిర్దాక్షిణ్యంగా మింగేసేది. సురభి నాటకాల, సర్కసుల కరపత్రాలదీ ఇదే పొదుపు. ఒక్క సిరా, రంగు కాగితం, రెండు రంగుల ఫలితం.

అంటించే జిగురు ఉడికించిన మైదా, పురుగు పట్టకుండా కొంత మైలుతుత్తం. అయినా మేకలు పీకి తినేవి. మనుషుల బెడద మరోటి. అవతలి హీరో ముఖం మీద పేడ కొట్టడం అభిమానుల ఆచారం. నిచ్చెన లేకుండా అందని ఎత్తులో పోస్టర్ వేయడానికి కనబడే దూరం ఒక్కటే కారణం కాదు.

మిగిలిన దాన్ని ఎండ చూసుకునేది. అచ్చు సిరాల్లో ముందు వెలిసేవి పసుపు, గులాబీ. నీలం, నలుపు ఆలస్యంగా పోతాయి. నిజామాబాద్ వేసవి దాటిన పోస్టర్‌లో ఎర్రచీర బూడిదవుతుంది, పసుపు, పారాణి మాయమవుతాయి, మనుషులందరూ నీలి మనుషులవుతారు. పాత పోస్టర్ల రంగుల గురించి రాసేటప్పుడు ఈ సంగతి మరిస్తే కళాకారుడు వాడని నీలాన్ని ఆయనకు అంటగట్టినవారమవుతాం.

రహదారి పక్క గోడల మీద చేత్తో రాసే సిమెంటు, విత్తనాల, ఎరువుల ప్రకటనలు దీనికి భిన్నం. బస్సు దాటిపోయేలోగా చదివించాలి కనుక పేరొక్కటే, మూడు నాలుగు అక్షరాలు, గోడంత ఎత్తు, ముదురు అంచు. బొమ్మకు తావు లేదు. ఇందల్వాయి, డిచ్‌పల్లి మధ్య రోడ్డు విశాలమై బండ్ల వేగం పెరిగినకొద్దీ అక్షరాలే పెరిగాయి.

ఫ్లెక్సు తర్వాత

2000 తర్వాత వచ్చిన ఫ్లెక్సు అచ్చు ఈ లెక్కలన్నింటినీ తారుమారు చేసింది. రంగుకు ధర లేదు, నాలుగైనా నలభై వేలైనా ఒకటే ఖర్చు. అతుకు లేదు. కంప్యూటర్లో ముఖాలు ఎన్నైనా పట్టిస్తారు, అందుకే పుట్టినరోజు ఫ్లెక్సులో నలభై తలలు. చేత్తో బ్యానర్లు రాసేవారు షట్టర్ల మీద పేర్లు రాసే పనికి, బళ్ల గోడల మీద బొమ్మలు వేసే పనికి మళ్లారు. రోజులు తక్కువే మన్నినా థియేటర్ గోడ మీద కాగితం పోస్టర్ మాత్రం ఇంకా పడుతోంది.

పాత పోస్టర్లలో మిగిలినవి తక్కువ. గోడకు పోయింది తిరిగి రాదు. మిగిలినవి ప్రెస్సుల్లో, పంపిణీదారుల గోడౌన్లలో అంటించకుండా ఉండిపోయినవే. 1964లో పుణేలో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినిమా పోస్టర్లను సేకరించింది. బీడీ లేబుళ్లకు, అగ్గిపెట్టె చీటీలకు ఆ మాత్రం దిక్కూ లేదు, అవి వ్యక్తుల ఆల్బముల్లో ఉన్నాయి. చుట్టి చించేసే కాగితం కనుక కార్ఖానాలో వాడకుండా మిగిలిన రీముల్లోనే పాత లేబులు చదునుగా, రంగు చెడకుండా దొరుకుతుంది.